హెడ్డుగారమ్మాయి బదిలీ

వృక్షశాస్త్ర విభాగంలో అటెండరు దగ్గర్నుంచి ఆచార్యుల దాకా అందరికీ ఆమె హెడ్డుగారమ్మాయే. చిన్నప్పుడు సెలవు రోజుల్లో తండ్రి వెంట వచ్చి ల్యాబు బల్లల కింద దూరి ఆడుకున్న పిల్ల. ఎండబెట్టిన ఆకులు అతికించిన అట్టల మధ్య కునుకు తీసిన పిల్ల. ఇప్పుడు అదే విభాగంలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పాఠాలు చెప్పేవాళ్ళలో ఇద్దరు ఆమెకు బాబాయిలు, ఒకావిడ అత్తయ్య. రక్తసంబంధం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచి వరస కలిపి పిలవడమే. క్లాసులో వాళ్ళను "సార్" అనడానికి నోరు తిరిగేది కాదు, "బాబాయ్" అనడానికి మనసొప్పేది కాదు. అందుకని ఎవర్నీ ఏమీ పిలవకుండా, ఏ ప్రశ్నా అడగకుండా వెనక బల్ల మీద కూర్చునేది.

మార్కులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేవి. మొదటి ఏడు ఫలితాలు గోడకు అంటించిన రోజున ఆమె వెనకే నిలబడి ఉందని చూసుకోక ఒక కుర్రాడు, ఆ ఇంట్లో పిల్లి పరీక్ష రాసినా డిస్టింక్షన్ వస్తుందన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది. ఇంటికెళ్ళి స్నానాలగదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. కుర్రాడి మీద కోపం నాలుగు రోజుల్లో పోయింది గానీ అనుమానం పోలేదు. నిజంగా ఆ మార్కులు తనవేనా?

ఆమెకు ఇష్టమైనది బూజు. తడిసిన తోలుచెప్పు మీద, మరిచిపోయిన రొట్టెముక్క మీద, తలుపు వెనక చెమ్మ గోడ మీద బూజు కనపడితే భూతద్దం పట్టుకుని కూర్చునేది. పాడైన నిమ్మకాయను తల్లి పారేయబోతే లాక్కుని సీసాలో దాచేది. ఆమెకు "బూజమ్మ" అని పేరు పెట్టింది మావయ్య. వాళ్ళ యూనివర్సిటీలో శిలీంధ్రాలంటే పాఠ్యపుస్తకంలో ఒకే ఒక అధ్యాయం. అదీ పరీక్షల ముందు హడావుడిగా చెప్పి వదిలేసేవాళ్ళు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే మరో నగరంలోని యూనివర్సిటీలో పంటల తెగుళ్ళకు, వాటిని కలిగించే శిలీంధ్రాలకు ఒక విభాగమే ఉంది. రెండో ఏడు చదివేవాళ్ళు అక్కడికి బదిలీకి దరఖాస్తు పెట్టుకుంటే, సీట్లు ఖాళీ ఉన్నంతవరకు నేరుగా మూడో ఏట్లోకి తీసుకుంటారు. ఏటా రెండు విడతలు.

ఆ సంగతి భోజనాల దగ్గర చెబితే తండ్రి చిరునవ్వు నవ్వి, పెట్టుకో చూద్దాం అన్నాడు. చిన్నపిల్ల చందమామను అడిగితే ఎవరైనా అలాగే అంటారు.

మొదటిసారి దరఖాస్తు ఒక్క ఊపులో రాసేసింది. ఎందుకు బదిలీ కోరుతున్నారు అన్నచోట రెండు పేజీలు నింపింది. ఇక్కడ శిలీంధ్రాలకు విడిగా పాఠం లేదని, గ్రంథాలయంలో పుస్తకాలు తాతలనాటివని, సూక్ష్మదర్శినుల అద్దాలకే బూజు పట్టిందని, ఆ బూజును చూడ్డానికైనా ఇంకో మంచి సూక్ష్మదర్శిని లేదని. కడుపులో మంటంతా కక్కేసింది. ఒక్కటి మాత్రం రాయలేదు. తండ్రి నీడ నుంచి బయటపడాలన్న సంగతి. సిఫారసు ఉత్తరాలు ఇద్దరు బాబాయిలు, అత్తయ్య ఆనందంగా రాసిచ్చారు. మార్కులకేం కొదవ లేదు. వస్తుందనే అనుకుంది.

రాలేదు. రెండు వాక్యాల జవాబు వచ్చింది. అందులో ఒకటి కృతజ్ఞతలు.

ఎక్కడ తప్పిందో ఎవరూ చెప్పలేదు. బాబాయిలు అక్కడివాళ్ళకు తలబిరుసన్నారు. తండ్రి భుజం తట్టి, పోన్లే, ఇక్కడ మాత్రం ఏం తక్కువ అన్నాడు. డ్రైవింగ్ స్కూలు నడిపే మావయ్య అయితే తేల్చేశాడు. గేరు మార్చకుండా ఎత్తు ఎక్కాలని చూశావు, ఈసారి ఎవరైనా పెద్ద తలకాయ చేత చెప్పించాలి అని. తన దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళలో ఒక పెద్దమనిషి ఉన్నాడట, ఆయన మాట ఎక్కడైనా చెల్లుతుందట. ఆ పెద్దమనిషికి ఇప్పటికీ బండి వెనక్కి తీయడం రాదని వెంటనే తనే చెప్పుకుని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

చివరికి ధైర్యం చేసి అక్కడి బదిలీల ఆఫీసుకే ఫోన్ చేసింది. రోజుల తరబడి లైను దొరకలేదు. దొరికినరోజున ఒక్కో బల్ల నుంచి ఇంకో బల్లకు తిప్పి తిప్పి ఒక అధికారిణికి కలిపారు. ఆవిడ గొంతులో విసుగూ లేదు, జాలీ లేదు. కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు వినపడింది.

"మీ అప్లికేషన్ నా ముందే ఉందమ్మా. ఇది చదివితే అక్కడ మీకేం నచ్చలేదో బాగా తెలుస్తోంది. ఇక్కడికొచ్చి మీరేం చేస్తారో ఒక్క ముక్క లేదు."

ఆవిడ ఆగలేదు.

"ఈ సిఫారసులు ముగ్గురు రాశారు గానీ ముగ్గురిదీ ఒకటే మాట. మంచి కుటుంబం, మంచి పెంపకం, తండ్రిగారు గొప్పవారు. పెళ్ళి సంబంధానికైతే సరిపోతాయి. మాకు కావాల్సింది మిమ్మల్ని ఎత్తుకుని ఆడించినవాళ్ళు కాదు, మీ పని చూసినవాళ్ళు."

ఇంకో సంగతి కూడా చెప్పింది. అక్కడ మూడో ఏట్లోకి వచ్చేవాళ్ళు జీవరసాయనం, గణాంకశాస్త్రం చదివేసి ఉంటారు. ఈమెకు రెండూ లేవు. మార్కులెన్ని ఉన్నా సబ్జెక్టులు కలవకపోతే లాభం లేదు. ఈ సెమిస్టరులో వేరే విభాగాల్లో ఆ రెండూ అదనంగా తీసుకుని పాసైతే, వచ్చే విడతలో నిస్సంకోచంగా మళ్ళీ పెట్టుకోవచ్చంది.

ఫోన్ పెట్టేశాక ఆమెకు అవమానంతో చెవులు వేడెక్కాయి. అయినా లోపల ఎక్కడో కాస్త తేలికగా అనిపించింది. తనతో ఇంత సూటిగా మాట్లాడిన మనిషి ఆ ఏడాదిలో ఆవిడొక్కతే.

అదనపు సబ్జెక్టులకు దరఖాస్తు మర్నాడే రాసింది. దానిమీద విభాగాధిపతి సంతకం కావాలి. అంటే తండ్రి సంతకం. ఎంతసేపు, కలం తీసి గీస్తే అయిపోయె అనుకుంది.

ఇంట్లో అడిగితే ఆఫీసు సంగతులు ఆఫీసులో అన్నాడు. ఆఫీసుకు వెళ్ళి అడిగితే, నలుగురూ ఉన్నారు, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం అన్నాడు. ఒకరోజు కాగితం ఎక్కడ పెట్టానో చూడాలన్నాడు. అది ఆయన బల్లమీద, గాజు పేపరువెయిట్ కింద, ఎదురుగానే ఉంది. ఇంకోరోజు, మన పిల్లలు బయట సబ్జెక్టులు తీసుకోవడం మొదలెడితే రేపు అందరూ అడుగుతారు, ముందు కమిటీలో పెట్టాలి అన్నాడు. కమిటీ అంటే ఆయన, ఇద్దరు బాబాయిలు, అత్తయ్య. ఆ కమిటీ కూర్చోవడానికి అత్తయ్య సెలవు మీద నుంచి రావాలి. కాదు అని ఒక్కసారి కూడా అనలేదాయన. అని ఉంటే పోట్లాడేది. చూద్దాం అనే మనిషితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

తల్లి ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. రోజంతా నిలబడి వచ్చి, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉండగా కూతురు మొర పెట్టుకుంది. నాన్నతో నువ్వొక మాట చెప్పమని.

"మీ ఇద్దరి మధ్య నేను పోస్టుమ్యాన్ని కాను" అంది తల్లి. తర్వాత కాళ్ళు తుడుచుకుంటూ, "ఆయనకు నువ్వు వెళ్ళడం ఇష్టం లేదు. ఆ మాట ఒప్పుకోవడం కూడా ఇష్టం లేదు. అంతకు మించి ఇందులో ఏమీ లేదే" అంది.

అత్తయ్య వచ్చి, కమిటీ కూర్చుని, సంతకం పడేసరికి జీవరసాయనం వాళ్ళు ఇంకా పేర్లు తీసుకుంటున్నారు. గణాంకశాస్త్రం వాళ్ళు మాత్రం గడువు అయిపోయిందన్నారు. ఆమె కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డా గుమాస్తా తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు, కావాలంటే క్లాసులో కూర్చుని విను, పరీక్షకు మాత్రం కూర్చోనివ్వం అన్నాడు. ఆ పాఠం చెప్పే మేడమ్ కూడా అదే అంది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అయినా రెండు క్లాసులకూ వెళ్ళడం మొదలుపెట్టింది, వినడం వల్ల పోయేదేముందని.

ఇక మిగిలింది సిఫారసు. తన పనిని చూసి రాయగలవాళ్ళెవరు? విభాగంలో ఎవరిని తలుచుకున్నా ఎవరో ఒక బాబాయే. ఒక్కరు తప్ప.

ఆయన్ను వెనకాల అందరూ కాకర మాష్టారు అనేవాళ్ళు. మొక్కల తెగుళ్ళ పాఠం ఆయనదే. మాట అంత చేదు. విభాగాధిపతి పదవికి ఆమె తండ్రి, ఆయన పోటీపడ్డారు. పదవి తండ్రికి వచ్చింది. వచ్చిన ఏడాదే తండ్రి, కాకర మాష్టారు పెంచిన శిలీంధ్రాలు దాచుకునే చల్లగదిని ఖాళీ చేయించి అందులో ఎండు మొక్కల అట్టలు పెట్టించాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వరండాలో ఎదురుపడితే చెరో గోడా చూసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఆమెకు ఆయన పరీక్షలో పడ్డవే అన్నిట్లోకీ తక్కువ మార్కులు. ఆ మార్కులొచ్చిన రోజు మొహం వేలాడేసుకుని తిరిగింది. ఇప్పుడు ఆలోచిస్తే, మొత్తం పట్టికలో అవి మాత్రమే కచ్చితంగా తనవని తోచింది.

అద్దాల షెడ్డు వెనక ఆయన గది. మట్టి కుండీలు, నీళ్ళ తొట్టి, పొయ్యి మీద మరుగుతున్న గిన్నె. వెళ్ళి నిలబడి విషయమంతా చెప్పుకుంది. ఆయన చేతిలో పని ఆపకుండా విన్నాడు.

"మీ నాన్న పంపించారా?"

"లేదు సార్. నాన్నకు తెలీదు."

"అయితే ఇంకా ఘోరం." గిన్నె దించి, చేతులు తుడుచుకుని అప్పుడు ఆమె మొహం చూశాడు. "నువ్వు హెడ్డు కూతురివని తెలుసు. పరీక్షలో ఎవరో రాసిన నోట్సు బట్టీ పట్టావనీ తెలుసు. ఈ రెండూ రాస్తే నీకు సీటు రాదు. మూడోది ఏదైనా ఉంటే చూపించు, రాస్తాను."

చూపించడానికి ఏమీ లేదు. ఆ మాటే చెప్పింది. ఆయన కిటికీలోంచి బయటి చిక్కుడు పాదును చూపించాడు. ఆకుల మీద ఇటుకరంగు మచ్చలున్నాయి. ఆ మచ్చలకు కారణమైన శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచి, దాన్ని మంచి ఆకు మీద వేసి, అదే మచ్చ మళ్ళీ రప్పించమన్నాడు. పుస్తకంలో ఉన్న పద్ధతే, కొత్తదేం కాదు. ఎలా మొదలుపెట్టాలని అడిగితే పుస్తకంలో ఉందనే అన్నాడు.

ఆ సెమిస్టరంతా ఆమె బతుకు గాజు పళ్ళేలతోనే గడిచింది. మచ్చ పడ్డ ఆకుముక్కను కత్తిరించి, మందునీళ్ళలో ముంచి కడిగి, బూజుకు మేతగా పోసిన అగరు జెల్లీ గడ్డకట్టిన పళ్ళెంలో పెట్టి మూత వేసేది. మంచి బూజు పుట్టేలోపు ఆకుపచ్చటి బూజేదో పైనుంచి వచ్చి మొత్తం ఆక్రమించుకునేది. పళ్ళేలు ఉడకబెట్టి, కడిగి, మళ్ళీ మొదలు. మళ్ళీ పచ్చ బూజు. మూత తీసేటప్పుడు ఊపిరి బిగపట్టింది. ఫ్యాను ఆపేసింది. జుట్టుకు గుడ్డ కట్టుకుంది. చేతులు స్పిరిటు రాసి రాసి పొలుసులు లేచాయి. బూజంటే అంత ప్రాణం పెట్టే మనిషి, పచ్చ బూజు కనపడితే పళ్ళెం నేలకేసి కొట్టేదాకా వచ్చింది. మాష్టారు వచ్చి చూసి, మళ్ళీ చెయ్యి అనేవాడు. అంతకు మించి సలహా లేదు, తిట్టూ లేదు.

ఎట్టకేలకు ఒక పళ్ళెంలో తెల్లటి దూదిలాంటిది శుభ్రంగా పెరిగింది. అది తీసి మంచి ఆకుల మీద వేసింది. ఆకులు నిక్షేపంగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. ఆ సాయంత్రం కుండీల మధ్య ముక్కాలిపీట మీద కూలబడిపోయింది. పక్కనే మాష్టారు ఏదో తూస్తున్నాడు. ఎందుకు రాలేదనుకుంటున్నావని అడిగాడు. తెలియదని చెప్పబోయి ఆగింది. తనకు తోచింది చెప్పింది. తను ముక్క తీసింది మచ్చ నడిమధ్య నుంచి. అక్కడ ఆకు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. చచ్చిన ఇంట్లో కాపురం పెట్టిన వేరే బూజును పట్టుకుని తను దొంగ అనుకుంటున్నదేమో. అసలు దొంగ మచ్చ అంచున ఉండాలి, చచ్చిన భాగమూ బతికిన భాగమూ కలిసేచోట.

మాష్టారు తూకం మీంచి తల తిప్పలేదు. "మరి వెళ్ళి అంచు తియ్యి" అన్నాడు.

అంచుల నుంచి తీసి మొదలుపెట్టేసరికి దరఖాస్తు గడువు ముంచుకొచ్చింది. ఆఖరికి కొన్ని ఆకుల మీద మాత్రం మచ్చలు వచ్చాయి, ఎక్కువ ఆకుల మీద రాలేదు. రుజువైందనడానికి అది చాలదు. సిఫారసు అడగడానికి వెళ్ళినప్పుడు ఆయన ఒకటే ప్రశ్న వేశాడు. "పూర్తయిందని రాయనా, కాలేదని రాయనా?"

పూర్తయిందని రాయమనడానికి నాలుక చివరిదాకా వచ్చింది. "కాలేదనే రాయండి సార్" అంది.

ఈసారి దరఖాస్తులో పాత ఫిర్యాదు ఒక్కటి కూడా పెట్టలేదు. చిక్కుడాకు గురించి రాసింది. ఏం చేసిందో, ఎక్కడ ఆగిపోయిందో, అక్కడి విభాగంలో ఎవరి పనిని చదివితే తన చిక్కుముడి విడిపోతుందనిపించిందో రాసింది. జీవరసాయనం పాసైంది. గణాంకశాస్త్రం విన్నానని, పరీక్ష రాయలేకపోయానని ఉన్నదున్నట్టు రాసింది. ఎందుకు రాయలేకపోయిందో చెప్పే వాక్యం ఒకటి రాసి, కొట్టేసింది.

కూతురు రోజూ ఎక్కడికి వెళ్తున్నదో తండ్రి చెవిన వేసింది పెద్ద బాబాయి. ఆ పూట భోజనాల దగ్గర ఆయన కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"విభాగంలో ఇంతమంది ఉండగా, పోయి పోయి ఆయన దగ్గరికేనా?"

"మిగతావాళ్ళంతా మీ మనుషులు నాన్నా."

"నా మనుషులైతే నీకు పనికిరారా?"

పనికిరారు అంటే ఆయన నొచ్చుకుంటాడు. వస్తారు అంటే అబద్ధం. తల్లి ఇద్దరి గ్లాసుల్లోనూ నీళ్ళు పోసి, తన కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి తండ్రి ఇంట్లో కూడా కూతుర్ని చూడకుండా నడవడం నేర్చుకున్నాడు.

రెండు వారాలు గడిచాక బదిలీల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అదే అధికారిణి. గొంతు ఈసారి మరీ పొడిగా ఉంది.

"మీ ఫైలు పక్కన పెట్టాల్సొచ్చిందమ్మా. మీ తరఫున ఒకరు మా కమిటీ సభ్యుడికి ఫోన్ చేశారు. అలా జరిగితే ఆయన తప్పుకోవాలి, మేము నమోదు చేయాలి. మీకు తెలిసే జరిగిందా?"

లేదంది. ఎవరు చేశారని అడగాల్సిన పని లేకపోయినా అడిగింది. మీ నాన్నగారేనని ఆవిడ చెప్పింది. సభ్యుడు ఆయనకు చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితుడట. మర్యాదస్తుడు కాబట్టి తనే వచ్చి చెప్పాడట. ఇప్పుడు మీ నాన్నగారు వివరణ రాసిస్తే ఫైలు మళ్ళీ కదులుతుంది గానీ వరసలో అందరికన్నా చివరికి పోతుందంది ఆవిడ.

ఆమె నేరుగా తండ్రి గదిలోకి నడిచింది. అటెండరు ఆపబోయి, మొహం చూసి ఆపలేదు. లోపల చిన్న బాబాయి ఉన్నాడు. ఆయన కూడా మొహం చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయాడు.

"నా గురించి ఫోన్ చేశారా?"

"చేస్తే?" తండ్రి కళ్ళజోడు తీశాడు. "వాడూ నేనూ ఒక దుప్పటి పంచుకున్నవాళ్ళం. నా కూతురు తెలివైంది, కాస్త చూడమన్నాను. అందులో అబద్ధమేముంది?"

సంతకం చేయమంటే చేయని మనిషి అడగకుండా ఫోనెందుకు చేశాడో ఆమెకు అంతుపట్టలేదు. ఆ మాటే అడిగింది. ఆయన పేపరువెయిట్ అటూ ఇటూ తిప్పాడు. వెళ్ళేదానివి ఎటూ వెళ్తావని తెలిసింది, ఆయన పుణ్యాన వెళ్ళావనిపించుకోవడం ఇష్టం లేకపోయింది అన్నాడు. ఆయన అంటే కాకర మాష్టారు.

ఆమెకు ఏడుపు రాలేదు. అరవాలనీ అనిపించలేదు. ఒళ్ళంతా అలసట కమ్మింది.

"ఇక్కడ నాకొచ్చిన మార్కుల్లో నావెన్నో మీవెన్నో నాకు తెలీదు నాన్నా. అక్కడ సున్నా వచ్చినా నాదే అవ్వాలి. ఆ ఒక్కటీ నాకొదిలెయ్యండి."

ఆమె అధికారిణి చెప్పిందంతా చెప్పి, ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఆయన ఒకసారి రాసి చించేశాడు. మళ్ళీ రాశాడు. కూతురికి తెలియకుండా తన ఇష్టప్రకారం చేశానని, అది తగని పని అని. తగని పని అన్న చోట కలం ఆగింది. ఆమె కదలకుండా చూస్తూనే ఉంది. రాసి, సంతకం పెట్టి, కాగితం ఆమె వైపు జరిపాడు. సెమిస్టరు మొదట్లో ఒక సంతకం కోసం కాళ్ళరిగేలా తిరిగింది. ఇప్పుడు అడగ్గానే వచ్చింది. ఈ సంతకం చూస్తే ఒళ్ళు ఇంకా మండింది.

వివరణ అందాక ఫైలు కదిలి, ఇంటర్వ్యూకు రమ్మని కబురొచ్చింది. ఒక్కతే వెళ్ళింది. నేను వస్తానన్నాడు మావయ్య, వద్దంది. పొడవాటి గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో పెద్దావిడ, నెరిసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడుతున్న కళ్ళజోడు. మార్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

"మీ ప్రయోగం పూర్తి కాలేదని మీ మాష్టారే రాశారు" అంది పెద్దావిడ. "కుదరని పని పట్టుకుని మా దగ్గరికొచ్చారేంటి?"

"కుదరకపోవడం నిజమే మేడమ్" అంది ఆమె. "మచ్చ అంచు నుంచి తీసినప్పుడు కొన్ని ఆకులకే అంటుకుంది. ఆకు ఎంతసేపు తడిగా ఉండాలో నేను కొలవలేదు. అన్నిటికీ ఒకేలా నీళ్ళు చల్లాననుకున్నాను గానీ, కిటికీ దగ్గరవి ముందే ఆరిపోయుంటాయి. అది తేల్చుకోవాలని వచ్చాను."

ఆ తర్వాత గదిలో వాతావరణమే మారిపోయింది. ఒకాయన ఆకు ఏ వయసుదని అడిగాడు. ఇంకొకాయన నీళ్ళ బదులు తడిగుడ్డ కప్పి చూడాల్సిందన్నాడు. పెద్దావిడ ఆయనతో కాదంది. ముగ్గురూ తమలో తాము వాదించుకుంటుంటే ఆమె మధ్యలో రెండుసార్లు మాట అందుకుంది. జీవితంలో మొదటిసారి క్లాసులాంటి చోట ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది.

జవాబు రావడానికి నెల పట్టింది. వరసలో చివర కదా. సీటు ఇచ్చారు. కానీ మూడో ఏట్లోకి కాదు. గణాంకశాస్త్రం పాసవ్వలేదు గనక మళ్ళీ రెండో ఏట్లో చేరాలి. ఒక్క సబ్జెక్టు కోసం ఒక సంవత్సరం.

బస్టాపులో నిలబడి ఫోన్లో అది చదువుకుంది. పట్టరాని సంతోషం వచ్చింది. తర్వాతి పేరా చదివేసరికి ఆ సంతోషం సగంలోనే ఆగిపోయింది. తనకంటే వెనక ఉన్నవాళ్ళతో కూర్చోవాలి. చదివిందే మళ్ళీ చదవాలి. సంతకం వారం ముందు పడి ఉంటే ఇది ఉండేది కాదు. ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. మరొకటి కూడా వెళ్ళిపోయింది.

కాకర మాష్టారికి చెబితే, సీటు వచ్చిందా అని అడిగి, ఊఁ అని, చిక్కుడు పాదు పీకేస్తున్నాను, విత్తనాలు కావాలంటే తీసుకెళ్ళు అన్నాడు. మావయ్య, సంవత్సరం పోతే పోయింది, రోడ్డు ఖాళీగా ఉంటుంది, నిదానంగా నడుపుకో అన్నాడు. తల్లి సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయి, కూతురి బట్టలన్నీ తీసి మంచం మీద పరిచింది.

పెట్టె సర్దుతుండగా తండ్రి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. హాస్టల్లో గది ఇచ్చారా అని అడిగాడు. ఇంకా లేదని చెప్పింది. చలిగా ఉంటుందేమో అన్నాడు. చూసుకుంటానంది. ఆయన తలుపు చెక్క మీద గోటితో గీస్తూ ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఆ సంవత్సరం నా వల్లే పోయింది" అన్నాడు చివరికి.

అలాంటి మాటకు ఏం జవాబు చెప్పాలో ఆమెకు తెలుసు. ఫర్వాలేదు నాన్నా, మీరేం చేస్తారు అనాలి. తల్లి కూడా మడత పెడుతున్న చీర అలాగే పట్టుకుని ఆ మాట కోసం చూస్తోంది. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో అలాంటి మాటలే అన్నీ సర్దేస్తూ వచ్చాయి.

"అవును నాన్నా" అంది.

తండ్రి తల ఊపాడు. ఆమె పెట్టె మూత వేయబోతే పడలేదు, పుస్తకాలు ఎక్కువయ్యాయి. కాసేపు చూసి ఆయన లోపలికొచ్చి మూత మీద రెండు చేతులూ ఆనించి బరువు వేశాడు. ఆమె ఆయన మొహం చూడకుండా గొళ్ళెం బిగించింది.